ముందు చక్రానికి చుట్టిన గుడ్డ

పోయిన వారం నన్ను నేనే మాస్టారింటి ముందుగదిలో, స్టూలు మీద, మునివేళ్ల మీద నిలబెట్టి వదిలేశాను. ఇరవై తొమ్మిదేళ్లుగా గోడ కొక్కేనికి వేలాడుతున్న ఆయన సైకిలు అప్పుడే నా చేతుల్లోకి వచ్చింది. ఈ కథలోకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. పాతవాళ్లు ఈలోపు టీ పెట్టుకోండి.

నాది సైకిళ్లు బాగుచేసే పని. నాన్న దగ్గర నేర్చుకున్నాను. నాన్న పోయాక ఆరేళ్లుగా షాపు ఒక్కదాన్నే నడుపుతున్నాను. చక్రాల బెండు తీస్తాను కనక ఊళ్లో నన్ను బెండమ్మ అంటారు. మనుషుల బెండు కూడా తీస్తుందని మా అక్క అంటుంది. నలభై మూడేళ్లు నాకు. పెళ్లొకటి జరిగింది, నిలవలేదు. ఆ గొడవంతా నాలుగో భాగంలోనే చెప్పేశాను, మళ్లీ అడగొద్దు. పాతికేళ్లుగా ఎక్కడెక్కడికో పోయేవాళ్ల బండ్లు సరిచేసి పంపాను గానీ, నేను మాత్రం బస్టాండు దాటి ఎటూ పోలేదు. అందుకే షాపు వదిలేసి, సైకిలు మీద ఆసియా ఈ చివర్నించి ఆ చివరికి పోదామని నిర్ణయించుకున్నాను. ఒక్కదాన్నే. ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ రోజుకి షాపు తాళాలు మందుల దుకాణం వాళ్లకి ఇచ్చెయ్యాలి. అంటే వెనక్కి తగ్గుదామన్నా తగ్గడానికి చోటు లేదు.

దారి తెలిసిన మనిషి మా ఊళ్లో ఒక్కరే. ముప్ఫై ఒక్క ఏళ్ల కిందట తమ్ముడితో కలిసి ఆసియా దాటిన మనిషి. తమ్ముడు అక్కడే ఏదో దేశంలో పెళ్లి చేసుకుని ఉండిపోయాడు. ఈయన తిరిగొచ్చి స్కూల్లో భూగోళం చెప్పారు, అందుకని మాస్టారు. ఏటా పిల్లల్ని కూర్చోబెట్టి తన ప్రయాణం చెబుతారు. నేనూ చిన్నప్పుడు విన్నదాన్నే. "మొత్తం నూట పదకొండు పంక్చర్లు!" అనగానే బడంతా చప్పట్లు. మా నాన్న మాత్రం ఆ ఉపన్యాసానికి ఎన్నడూ రాలేదు. షాపులో పనుందనేవాడు.

ఎనిమిది నెలలుగా ప్రతి ఆదివారం పొద్దున మాస్టారింట్లో బల్ల మీద పటం పరిచి కూర్చుంటున్నాం. ఆయన దగ్గర యాభై ఎనిమిది పేజీల నోటుబుక్కు ఉంది. పేజీకో మజిలీ. ఫోన్లో పటాలుంటాయిగా అని అక్క ఎగతాళి చేస్తుంది. ఫోన్లో రోడ్డు కనిపిస్తుంది. ఏ బావి నీళ్లు ఉప్పగా ఉంటాయో, ఏ ఇంటి తలుపు కొడితే తీస్తారో, ఏ మలుపులో కుక్కలు వెంటబడతాయో ఫోను చెప్పదు. మేము గీసిన ఎర్రగీత ఒక్కచోట మాత్రం తిన్నగా పోకుండా మూడు రోజుల దూరం ఉత్తరానికి వంగి మళ్లీ కిందికొస్తుంది. ఆ వంపు ఎందుకు మాస్టారూ అంటే, అక్కడ నీళ్లు బాగుంటాయమ్మా అనేవారు.

దాచడమెందుకు? ప్రయాణం మాటెలా ఉన్నా, ఆ ఆదివారాలంటేనే నాకు ఎక్కువ ఇష్టం. వారంలో ఆరు రోజులు నేను చక్రాలతో మాట్లాడతాను. ఏడో రోజున ఒక మనిషి నాతో, "జాగ్రత్తమ్మా, ఆ కనుమ దగ్గర గాలి ఎదురొస్తుంది" అంటాడు. అంతకంటే నాకింకేం కావాలి?

బయల్దేరే రోజున మొదటి మైలురాయి దాకా తనూ సైకిలు మీద వస్తానన్నారు మాస్టారు. అందుకే బండి దించాను. బండి ముందు చక్రం పట్టి కొక్కేనికి వేలాడదీసి ఉంది. ఆ చక్రానికి చుట్టూ పాత దుప్పటి పేలికలు గట్టిగా చుట్టి ఉన్నాయి.

"కొక్కెం రాసుకుని గీతలు పడకుండా అమ్మ చుట్టింది. దాన్ని మాత్రం విప్పకమ్మా. మిగతాది నీ ఇష్టం" అన్నారు. సరే అని, ముందు చక్రం పైకెత్తి పట్టుకుని, బండి నడిపించుకుంటూ షాపుకి తెచ్చాను. ఈ వారం కథ ఇక్కణ్ణించి.

*

మధ్యాహ్నం పన్నెండు. షాపు సగం ఖాళీ అయిపోయింది. పనిముట్లు గోడల మీంచి తీసేశాక వాటి ఆకారాలు మాత్రం మసిలో మిగిలాయి. బ్రెడ్డు ముక్క నోట్లో పెట్టుకుని నిలబడే తింటుంటే అక్క ఫోను చేసింది.

"ఏమే, ఇంకా ఆ పిచ్చి వదల్లేదా?"

"లేదు."

"ఒక్కదానివే పోయి ఏం చేస్తావే అంత దూరం?"

"ఇక్కడున్నా ఒక్కదాన్నే కదక్కా."

అవతల గిన్నె ఏదో ఠపీమని దించిన చప్పుడు. తరవాత, "నోరు మాత్రం ఊరుకోదు నీకు. అన్నం తిన్నావా?" అంది. తిన్నానన్నాను. బ్రెడ్డు కూడా అన్నం కిందే లెక్క.

బండిని తలకిందులుగా నిలబెట్టి వెనక చక్రం తీశాను. నాన్న ఎప్పుడూ వెనక చక్రం నుంచే మొదలుపెట్టమనేవాడు. బరువు మోసేది అదే, కాబట్టి బండి బతుకంతా అందులోనే తెలుస్తుందని. టైరు ఊడదీశాను. ట్యూబు బయటికి లాగాను. ఎండిపోయి, రిమ్ముకి అతుక్కుపోయి, పాము కుబుసంలా వచ్చింది. దుమ్ము తుడిచి చేతుల మీదుగా చుట్టూ తిప్పి చూశాను. ఇంకోసారి తిప్పాను.

ఒక్క అతుకు లేదు.

సరే, వచ్చాక కొత్త ట్యూబు వేయించి ఉంటారనుకున్నాను. మనకి కావలసినవాళ్లయితే మన బుర్ర ఎన్ని దారులైనా వెతుకుతుంది. పళ్లచక్రం చూశాను. వేల కిలోమీటర్లు చైను లాగితే పళ్లు ఒక పక్కకి వాలి కొక్కేల్లా అవుతాయి. ఇవి నిన్న కోసినట్టు ఉన్నాయి. రిమ్ము పక్కల్లో బ్రేకు రబ్బరు రాసుకున్న గుంట లేదు. స్పోకులు ముప్ఫై ఆరూ మొదట కట్టినవే, ఒక్కటీ మార్చలేదు. ఇక మిగిలింది చీటీ.

చీటీ సంగతి మా ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలీదు. నాన్న చక్రం కట్టినా, విప్పినా, రిమ్ము లోపలి రబ్బరు పట్టీ కింద ఒక కాగితం ముక్క పెట్టేవాడు. తేదీ, ఎవరి బండి, ఏం చేశాను. మళ్లీ విప్పితే పాతది తియ్యకుండా దాని పక్కన ఇంకోటి. "చక్రానికి నోరు లేదే. దాని కడుపులో మనమే మాట పెట్టాలి" అనేవాడు. నేనూ అలాగే పెడతాను.

పట్టీ ఎత్తాను. ఒకటే చీటీ. నాన్న గుండ్రటి రాత.

"అన్నయ్య బండి. వెనక చక్రం. కొత్తగా కట్టాను. చక్కగా వెళ్లి చక్కగా రండి." కింద ముప్ఫై ఒక్క ఏళ్ల కిందటి తేదీ.

ఆ చక్రం ముందు నేలమీద కూర్చుండిపోయాను. నూట పదకొండు పంక్చర్లు. పద్నాలుగేళ్ల పిల్లగా నేను కొట్టిన చప్పట్లు. బ్రెడ్డు ముక్క ఇంకా చేతిలోనే ఉంది. ఈ బండి ఆసియా మాట దేవుడెరుగు, పక్క జిల్లా కూడా దాటలేదు.

*

సాయంత్రం నాలుగింటికి మాస్టారి తలుపు కొట్టాను. నన్ను చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ఒకే రోజు రెండుసార్లు రావడం ఇదే మొదలు.

"రామ్మా, రా. మంచి సమయానికొచ్చావు. యాభై మూడో పేజీ దగ్గర నీళ్ల లెక్క ఇంకోసారి చూద్దామనుకుంటున్నా."

బల్ల మీద పటం అలాగే ఉంది. దాని మీద, సరిగ్గా ఎడారి పడే చోట, ట్యూబు పెట్టాను.

"ఇదేమిటి మాస్టారూ?"

"ట్యూబు."

"దీనికి అతుకులెన్నున్నాయో చూసి చెప్పండి."

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచారు. అవి లేకపోతే ఆయనకి ఎదురుగా ఉన్న మనిషి కూడా మసకే. మళ్లీ పెట్టుకుని ట్యూబు వైపు చూశారు గానీ ముట్టుకోలేదు.

"వచ్చాక కొత్తది వేయించానేమో..."

"ఇది మా నాన్న వేసిందే." చీటీ సంగతి చెప్పి, దాన్ని ఆయన చేతిలో పెట్టాను. చదివారు. 'చక్కగా రండి' దగ్గర పెదాలు కదిలి ఆగిపోయాయి.

"మీ నాన్న ఇలా రాసి పెట్టేవాడని తెలీదమ్మా నాకు."

"ఈ బండి ఎంత దూరం పోయిందో చెప్పమంటారా? పళ్లచక్రం చూస్తే చాలు. పోనూ రానూ కలిపి మూడొందల కిలోమీటర్లు దాటదు."

"రెండొందల అరవై" అన్నారు మాస్టారు. "పోవడం నూట ముప్ఫై."

అబద్ధంలో కూడా లెక్క తప్పని మనిషి. నాకు ఒక్క క్షణం నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ మింగేశాను.

ఆయన కూర్చున్నారు. నన్ను కూర్చోమనలేదు. అదీ మొదటిసారే.

"మూడో రోజు" అని మొదలుపెట్టారు. "పెద్ద కొండేం కాదు. మామూలు ఎత్తు. వాన. తమ్ముడు పైకెళ్లి నిలబడి, రా అన్నయ్యా, రా అన్నయ్యా అని పిలుస్తున్నాడు. నేను కింద మోకాలు పట్టుకుని కూర్చున్నాను. మోకాలికేం కాలేదు. ఆడలేక మద్దెల ఓడు. భయమేసిందమ్మా. దేనికని అడక్కు. ముందర అంత దూరం ఉందని ఆ రోజే తెలిసినట్టనిపించింది."

"మరి తమ్ముడు?"

"కిందికి దిగొచ్చాడు. తిట్టలేదు. నవ్వలేదు. సరే అన్నయ్యా, ఇద్దరం వెళ్తున్నట్టే రాస్తాను అన్నాడు. నేను ఇంటికి రాలేక ఇంకో ఊళ్లో గోడౌన్లో గుమాస్తాగా చేరాను. వాడు ప్రతి మజిలీ నుంచీ రెండు ఉత్తరాలు రాసేవాడు. ఒకటి అమ్మకి, మేము బాగున్నాం అని. ఇంకోటి నాకు. ఏ ఊళ్లో ఏం చూశాడో, ఏం తిన్నాడో, ఏ బావి ఎక్కడుందో అన్నీ రాసి, కింద ఒక ముక్క, 'ఇంటికెళ్లాక అందరూ అడుగుతారు అన్నయ్యా, ఇవి గుర్తుపెట్టుకో.' ఆ ఉత్తరాలే ఈ నోటుబుక్కు."

కిటికీ లోంచి పడ్డ ఎండ నోటుబుక్కు అట్ట మీదికొచ్చింది. ఎనిమిది నెలలుగా దాన్ని నేను రెండు చేతులతో పట్టుకుని తెరిచేదాన్ని.

"అయితే యాభై మూడో పేజీలో బావి ఉందా, లేదా?"

ఆయన నోటుబుక్కు తన వైపు లాక్కున్నారు.

"మాస్టారూ, నూట నలభై కిలోమీటర్లు ఒక్క ఊరు లేదు. మధ్యలో బావి ఉందని మీరు చెబితే నేను నాలుగు సీసాలు తగ్గించాను. బావి ఉందా?"

"తెలీదు."

"తెలీదంటే?"

"వాడి ఉత్తరాలు నలభై ఒకటితో ఆగిపోయాయి. అక్కడి దాకా అక్షరం మార్చలేదు. నలభై రెండు నుంచి నేనే..."

"కల్పించారు."

"పిల్లలడుగుతారు కదమ్మా. తరవాతేమైంది మాస్టారూ అని."

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. నాకంటే లోకువ ఇంకెవరు దొరుకుతారు? లేని బావి కోసం సీసాలు తగ్గించుకున్నదాన్ని.

"నేను దాహంతో చచ్చి పడుంటే కూడా చెప్పేవారు కాదా?"

"చెప్పేద్దామనే ఉన్నాను. ప్రతి ఆదివారం అనుకునేవాణ్ణి."

"ఇంక ఒక్క ఆదివారమే మిగిలింది."

ఆయన తలవంచుకున్నారు. అప్పుడు నా కళ్లు పటం మీద పడ్డాయి. ఎర్రగీత. వంపు. వంపు కొసన ఉన్న చుక్క పక్కన చిన్న అంకె, నలభై ఒకటి. ప్రతి వారం చూస్తూనే ఉన్నాను. ఆ అంకెకి అర్థం ఇప్పుడు తెలిసింది.

"ఆఖరి ఉత్తరం ఇక్కణ్ణించే వచ్చింది, కదూ?"

"ఊఁ."

"నీళ్లు బాగుంటాయన్నది..."

"వాడే రాశాడు, బాగుంటాయని. అది అబద్ధం కాదు." మాస్టారు ఆ చుక్క మీద వేలు పెట్టారు. "నువ్వు అటు వెళ్తే, ఎవరో ఒక ముసలాయనైనా, అవును, ఒక సైకిలు కుర్రాడు వచ్చాడు అంటాడేమోనని. ఏమయ్యాడో తెలుస్తుందేమోనని."

"అంటే ఎనిమిది నెలలుగా మనం కూర్చుని వేసింది నా దారి కాదు. మీ తమ్ముడి కోసం నన్ను పంపే దారి."

"మొదటి రెండు నెలలు అంతేనమ్మా. ఒప్పుకుంటాను. తరవాత తమ్ముడి కోసం కాదు. ఆదివారం కోసం."

ఇంకో రోజైతే ఆ మాటకి కరిగిపోయేదాన్ని. నా మాట కూడా అదే కదా. కానీ ఆ పూట నాకు వినబడింది ఒక్కటే. ఈ లోకంలో నా కోసం అని ఒక మనిషి కూర్చునే గంట ఒకటుందనుకున్నాను, అది కూడా వేరేవాళ్లదే.

"ఎవరికైనా ఒక్కరికి చెప్పాల్సింది" అన్నాను.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ఎవరికి చెప్పను? ఉత్తరాలు ఆగాక ఆర్నెల్లు ఎదురుచూసి ఇంటికొచ్చాను. వాకిట్లోనే అమ్మ, తమ్ముడేడిరా అంది. అక్కడే పెళ్లి చేసుకుని ఉండిపోయాడమ్మా అన్నాను. నోటికి ఏదొస్తే అది. ఆ తరవాత నేనే తమ్ముడి పేరున ఉత్తరాలు రాసి, స్కూలు చిరునామాకి వచ్చాయని తెచ్చి చదివేవాణ్ణి. అమ్మకి చూపు ఆనేది కాదు. తొమ్మిదేళ్లు చదివాను. అయ్యాక ప్రతిసారీ నా తల నిమిరి, 'ఎంత బాగా చదివావురా' అనేది." ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "పెద్ద కొడుకు లోకం చుట్టి వచ్చాడని, చిన్న కొడుకు సుఖంగా ఉన్నాడని నమ్మి కళ్లు మూసింది. నా బతుక్కి నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే."

అప్పుడు నేనో మాట అన్నాను. తరవాత ఎంత అనుకుని ఏం లాభం?

"కన్నతల్లిని మోసం చెయ్యడం ఒక్కటే సరిగ్గా చేశారన్నమాట."

ఆయన చెంప మీద కొట్టినా అంత చిన్నబోయేవారు కాదు. చెయ్యి బల్ల మీద తడుముకుంది, దేనికోసమో తెలీకుండా.

"రేపు మీ బండి తెచ్చి అప్పగిస్తాను. వచ్చే ఆదివారం రాను" అని బయటికొచ్చేశాను. వెనక నుంచి పిలుస్తారేమోనని గేటు దాకా మెల్లగానే నడిచాను. పిలవలేదు.

*

ఊళ్లో అందరూ ఇళ్లకి పోతున్న వేళ. మనిషికో చేతిసంచి, సంచిలో ఎవరికోసమో ఏదో ఒకటి. నా చేతుల్లో ఏమీ లేదు. చక్రంలో దొరికినవి కూడా ఆయన బల్ల మీదే వదిలేశాను.

షాపు తెరిచి బండి ముందు కూర్చున్నాను. కోపం ఉన్నప్పుడు పని చెయ్యకూడదని నాన్న అనేవాడు, బిగించాల్సిన దానికంటే ఎక్కువ బిగిస్తామని. అయినా వెనక చక్రానికి కొత్త ట్యూబు వేసి ఎక్కించాను. ఉన్నదున్నట్టు ఇచ్చేసి చేతులు దులుపుకుందామని. బండి ఇంకా తలకిందులుగానే ఉంది. లేవబోతూ ఆసరాకి ముందు చక్రం పట్టుకున్నాను.

అది కదిలింది.

తిరగడం కాదు, పక్కకి ఊగింది. కటకటమని. మళ్లీ ఊపి చూశాను. ఇరుసు దగ్గర గోళీలు అరిగిపోయిన చప్పుడు. వేల కిలోమీటర్ల బరువు, దుమ్ము, వాన తింటే తప్ప ఆ చప్పుడు రాదు. పాతికేళ్లుగా వింటున్న చప్పుడు, నాకు పొరపాటు రాదు. రెండొందల అరవై కిలోమీటర్లు పోయిన బండికి ఈ చక్రం ఎలా వచ్చింది?

విప్పొద్దన్నారు. ఆయన మాటకి ఇంకా విలువేమిటని ఒక పక్క, అది ఆయన మాట కాదు, పోయిన తల్లి మాట అని ఇంకో పక్క. రెండు నిమిషాలు ఊరుకున్నాను. నాన్న చక్రం దగ్గరుంటే ఇంతసేపు ఊరుకునేవాడు కాదు. పేలిక కొస దొరకబుచ్చుకుని లాగాను.

దుప్పటి పేలికలు చుట్టలు చుట్టలుగా కాళ్ల దగ్గర పడ్డాయి. లోపల రిమ్ము రెండు పక్కలా బ్రేకు తిని తిని గుంటలు పడిపోయి, వేలితో నొక్కితే వంగేంత పల్చగా ఉంది. స్పోకులు ముప్ఫై ఆరింట్లో పదకొండు వేరేవి, ఎక్కడెక్కడో మార్చినవి, ఒకదానికొకటి పోలిక లేదు. ట్యూబు తీశాను. అతుకు మీద అతుకు. లెక్కపెట్టడం మొదలుపెట్టి ఇరవై మూడు దగ్గర ఆపేశాను.

రబ్బరు పట్టీ ఎత్తాను. రెండు చీటీలు.

మొదటిది మడతల దగ్గర చిరిగి ఉంది. "తమ్ముడి బండి. ముందు చక్రం. కొత్తగా కట్టాను. చక్కగా వెళ్లి చక్కగా రండి." అదే తేదీ, ముప్ఫై ఒక్క ఏళ్ల కిందటిది.

రెండోది దాని తరవాత రెండేళ్లకి. స్కూలు రోజు. అప్పటికి మాస్టారు తిరిగొచ్చి నాలుగు నెలలు. బళ్లో పిల్లలకి కనుమల గురించి చెబుతూ ఉండి ఉంటారు. ఆ పిల్లల్లో నేనూ ఉండి ఉంటాను.

"తమ్ముడు వచ్చాడు. ముందు చక్రం పూర్తిగా అరిగింది. అన్నయ్య బండి ముందు చక్రం మంచిగా ఉంటే తీసి తమ్ముడి బండికి వేశాను. వాళ్లమ్మ ఇవ్వమంది. అరిగింది అన్నయ్య బండికి వేసి, గుడ్డ చుట్టి, కొక్కేనికి ఎక్కించాను. అన్నయ్య స్కూలు నుంచి వచ్చేలోపే తమ్ముడు వెళ్లిపోయాడు. పెద్దవాడికి ఎప్పటికీ తెలియనివ్వొద్దని ఆవిడ నా చేత మాట తీసుకుంది."

మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ఆ ముందుగది కళ్లకి కట్టింది. ఒక తల్లి, కళ్లు ఆనక చేత్తో తడిమి తడిమి దుప్పటి చింపుతోంది. పెద్దవాడి అబద్ధం బయటపడి వాడు తల దించుకోకూడదని, చిన్నవాడు వచ్చి వెళ్లిన జాడ వాడికి కనపడకుండా దాస్తోంది. ఆ తరవాత తొమ్మిదేళ్లు, పెద్దవాడు ఉత్తరం చదివితే, 'ఎంత బాగా చదివావురా' అంది. 'ఎంత బాగా రాశాడు' అని ఒక్కసారి కూడా అనలేదు.

అప్పటికి తమ్ముడు బతికే ఉన్నాడు, ఆ వంపు దాటి ఇంటికొచ్చాడు. ఆయన ఎదురుచూసిన వార్త ఇదే. కానీ ఇది చెబితే అమ్మ నమ్మి పోయిందన్న ఆ ఒక్కటీ ఆయనకి మిగలదు. చెప్పకపోతే రేపు నేనెక్కడో ఎడారిలో ఉంటాను, ఆయన ఇక్కడ ఖాళీ గోడ వైపు చూస్తూ ఉంటారు. మా నాన్న మాటిచ్చాడు. నేను ఇవ్వలేదు. చీటీ చేతిలో పట్టుకుని అటూ ఇటూ తేల్చుకోలేక అలాగే కూర్చున్నాను.

ఎవరో షట్టరు మీద చిన్నగా తట్టారు.

మాస్టారు. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా నా షాపు మెట్లెక్కని మనిషి. చంకలో నోటుబుక్కు. ముఖానికి కళ్లద్దాలు లేవు. బల్ల మీదే మర్చిపోయి, దారంతా గోడలు పట్టుకుని వచ్చినట్టున్నారు, అరచేతుల నిండా సున్నం.

"నలభై రెండు నుంచి చింపేశాను" అని నోటుబుక్కు ముందుకు చాపారు. "మిగిలింది నిజమే. తీసుకో. ఆ వంపు కూడా తీసెయ్యమ్మా, నీ దారి నువ్వు పో."

అడుగు ముందుకేశారు. కాలికి మెత్తగా ఏదో తగిలింది. వంగి తడిమి, పేలిక ఒకటి పైకెత్తి ముఖం దగ్గర పెట్టుకున్నారు. విప్పావా అని అడగలేదు.

"ముందు చక్రంలో కూడా పెట్టి ఉంటాడు కదూ మీ నాన్న?"

"ఉంది మాస్టారూ." నోట్లోంచి వచ్చేసింది.

ఆయన నా ఎదురుగా స్టూలు వెతుక్కుని కూర్చున్నారు. పేలిక ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసి, అమ్మ ముందు కూర్చున్న పిల్లాడిలా ముఖం నా వైపు తిప్పారు.

"నాకు అద్దాల్లేవు. నువ్వే చదివి వినిపించమ్మా."